కోతిపిల్లా, పిల్లిపిల్లా?

ఆ సరుగుడు కట్టె ఇంకాస్త ఎగదొయ్యరా అబ్బాయ్. వాడరేవు గాలి ఇవాళ ఎముకల్లోకి దూరుతోంది. క్రిస్మస్ కేరల్స్ వాళ్ళు మన వీధికొచ్చేసరికి ఎట్లాగూ అర్ధరాత్రి దాటుద్ది. అందాకా నిద్రాపుకోవాలిగా.

ఏందీ, హైదరాబాదులో నీ స్నేహితులు అడిగారా, "మీ బాప్టిస్టులు కాల్వినిస్టులా, కాదా" అని? నువ్వేమన్నావు? తెలియదన్నావా. మంచిపని చేశావు. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన నాకే అది ఒక్క ముక్కలో చెప్పడం రాదు.

మా బళ్ళో తెలుగు పంతులుగారుండేవారు, తిరునామం లేకుండా గడప దాటని మనిషి. ఓ రోజు మధ్యాహ్నం అన్నాల వేళ ఈ తగాదా ఆయన ముందు పెట్టాను. నవ్వి, "ఇది మా ఇంట్లోదే కదండీ మాష్టారూ" అన్నారు. కోతిపిల్ల తల్లి పొట్టను తనే గట్టిగా కరుచుకుంటుంది, పట్టు వదిలితే కిందపడుద్ది. పిల్లిపిల్లకు ఆ బాధ లేదు, తల్లే నోట కరుచుకుని మోసుకుపోతుంది. మోక్షానికి మనం దేవుణ్ణి పట్టుకోవాలా, ఆయనే మనల్ని పట్టుకుంటాడా అన్న దాని మీదే వాళ్ళ వైష్ణవుల్లో వడగలైవారూ తెంగలైవారూ వేరుపడ్డారట. సీమ పుస్తకాలు ఎన్ని చదివినా తలకెక్కని సంగతి నాకు ఆ పెరుగన్నం ముందు తేటపడింది.

కాల్వినిస్టులకు ఆ పేరు తెచ్చిన కాల్విన్ గారిది పిల్లి పక్షం. మనిషి తనంతట దేవుడి వైపు తిరగలేడు, దేవుడు ముందే ఏర్పరచుకున్నవాళ్ళనే తన కృపతో లాక్కుంటాడు, లాక్కున్నవాణ్ణి ఇక జారవిడవడు. హాలండులో 1618-19లో డోర్ట్ అనే ఊళ్ళో సభ చేసి, ఆర్మీనియస్ శిష్యులను ఓడించి, దీన్ని గట్టి చేశారు. ఆర్మీనియస్ వాళ్ళదేమో కృప దేవుడిదే, కాదనే వీలు మాత్రం మనిషికుంది అనే మాట.

మరి మనవాళ్ళో? పుట్టుకలోనే రెండు పాయలు. 1609లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జాన్ స్మిత్ మొదలుపెట్టి, తర్వాత థామస్ హెల్విస్ లండనుకు తెచ్చినవాళ్ళు జనరల్ బాప్టిస్టులు. క్రీస్తు అందరి కోసం చనిపోయాడన్నారు. 1630ల్లో వచ్చిన పర్టిక్యులర్ బాప్టిస్టులేమో ఏర్పరచబడినవాళ్ళ కోసమే అన్నారు. 1689 నాటి విశ్వాస ప్రమాణం వీళ్ళదే. ఇంటిపేరు ఒకటే, గోత్రాలు రెండు.

శ్రీరాంపురం మిషనరీ కేరీ దొర ఈ రెండో పాయవాడే. ఆ పాయలో కొందరు పిల్లి సంగతి మరీ సాగదీశారు. దేవుడే ఏర్పరచుకుంటే మనం పోయి బోధించేదేముంది అని కూర్చున్నారు. ఆండ్రూ ఫుల్లర్ 1785లో పుస్తకం రాసి, సువార్త ప్రతివాడికీ చెప్పాల్సిందే, నమ్మడం ప్రతివాడి బాధ్యతే అని వాళ్ళను కదిలించాడు. ఆ కదలికలోనే కేరీ బెంగాలుకొచ్చాడు. 1818లో శ్రీరాంపురంలో తెలుగు కొత్త నిబంధన అచ్చయిందంటే వెనకున్నది కాల్విన్ పక్షపు బాప్టిస్టులే.

మన దగ్గరికొచ్చింది అమెరికా వాళ్ళు. వాళ్ళలో 1833 నాటి న్యూ హాంప్‌షైర్ ప్రమాణం బాగా వ్యాపించింది. దేవుడు ఏర్పరచుకోవడం, అంటే ఏర్పాటు, ఉందంటుంది, మనిషి స్వేచ్ఛకు అది అడ్డం కాదంటుంది, ఎంత పాపికైనా రక్షణకు అడ్డు తన మొండితనమే అంటుంది. మా తెలుగు పంతులుగారికి చెబితే, "పిల్లి నోట్లో ఉండి కూడా తోక పట్టుకోమంటారన్నమాట" అన్నారు.

పుస్తకాల సంగతి అంతే. అసలు కథ కాలువ గట్టు మీద ఉంది. ధాత కరువు విన్నావా, 1876లో మొదలైంది. ఒంగోలులో ఆ అమెరికా మిషనరీ క్లౌ దొరగారు జనాన్ని బతికించడానికి బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళ పైచిలుకు తవ్వకం కంట్రాక్టు పట్టారు. మన బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. పగలు మట్టి, మధ్యలో వాక్యం. జనం బాప్తిస్మం ఇమ్మని వెంటపడ్డారు. దొరగారు ఇవ్వలేదు. గంజి కోసం వచ్చినవాళ్ళు గంజితోపాటే పోతారని భయం. ఏడాది పైన అట్లాగే ఆపారు. కరువు పని ఆగింది, డబ్బు పంచడం ఆగింది. అయినా జనం ఆగలేదు.

1878 జులైలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో రెండో తేదీన 614 మంది, మూడున 2,222 మంది, నాలుగున 700 మంది. బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు దిగి ముంచడం, అలిసినప్పుడు మారడం. దొరగారు మాత్రం నీళ్ళలోకి దిగలేదు.

మా ముత్తాత ఆ కాలువలో తట్ట మోసినవాడు, ఆ నదిలో మునిగినవాడు. మా తాత కుర్రతనంలో ఆయన్ని అడిగాడట, "నువ్వు దేవుణ్ణి వెతుక్కుంటూ పోయావా, ఆయనే పిలిచాడా" అని. "కూలికని పోయినాను. మాట చెవినబడింది. కూలి అయిపోయినా ఇంటికి పోబుద్ధి కాలేదు. ఎవురు ముందో నాకేం తెలుసు" అన్నాడట. మూడు తరాలుగా మా ఇంట్లో ఉన్న విశ్వాస ప్రమాణం అదే. దాన్ని ఏ పాయలో కలపాలో నీ స్నేహితుల్ని చెప్పమను.

ఒకటి మాత్రం నేను ఒప్పుకోను. ఏర్పాటును తలరాతతో కలపొద్దు. మాదిగపల్లెల్లో, మాలపల్లెల్లో మనవాళ్ళు వదులుకుంది ఆ తలరాతనే. నీ నుదుట ఇంతే రాసుందని చెప్పేవాళ్ళ మధ్య నుంచి లేచి వచ్చారు. దేవుడు నన్ను కోరుకున్నాడు అనే మాట వాళ్ళ చెవికి సంకెలలా వినపడలేదు, మొదటిసారి ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు వినపడింది. ఎవర్ని వదిలేశాడు అనే లెక్క ఆ రోజుల్లో ఎవరూ తీయలేదు. తీరిక దొరికినవాళ్ళ లెక్క అది.

ఇంకో తమాషా. కాల్విన్ పసిపిల్లలకు బాప్తిస్మం ఇచ్చేవాడు, నమ్మాకే ముంచాలనే మనలాంటి వాళ్ళంటే గిట్టేది కాదు. అయినా ఆయన పెళ్ళాడిన ఇడిలెట్ ఎవరనుకున్నావు? మళ్ళీ బాప్తిస్మం తీసుకునే అనాబాప్టిస్టుల్లో ఒకడి విధవరాలు.

నా పెళ్ళీ అట్లాంటిదే. మీ నాయనమ్మ వాళ్ళు లూథరన్లు, రేపల్లె వైపు. నెలల పిల్లగా ఉన్నప్పుడే నెత్తిన నీళ్ళు పోయించారు. మా అయ్యగారేమో ముంచందే పెళ్ళి చేయనన్నారు. వాళ్ళ నాన్నకు కోపం. "మా పిల్లను దేవుడు పొత్తిళ్ళలోనే పట్టుకున్నాడు, మీరు ముంచితే కొత్తగా పట్టుకుంటాడా" అన్నాడు. ఆ మాటకు మావాళ్ళ దగ్గర జవాబు లేదు. నా దగ్గర ఇప్పటికీ లేదు. పెళ్ళి రెండు నెలలు ఆగింది. చివరికి తనే ఒప్పుకుంది. సంక్రాంతి ముందు చలిలో, తెల్లారకముందే కాలువలో దిగింది. పైకి లేచి పళ్ళు టకటకలాడుతుంటే అయ్యగారితో అందిగదా, "నేను నమ్మి మునగలేదండీ, నమ్మింది ముందే. ఈయన కోసం మునిగాను."

అయ్యగారు చేతిలో తువ్వాలు పట్టుకుని అట్లాగే నిలబడ్డారు. గట్టు మీద పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ బాప్తిస్మం చెల్లుద్దా చెల్లదా అని సంఘంలో ఆరు నెలలు నడిచింది, ఏమీ తేలలేదు. పుస్తకంలో పేరు మాత్రం రాశారు.

అదుగో, గిటారు వినపడుతోంది. లైటెయ్యి. మీ నాయనమ్మను లేపు, గారెల బుట్ట ఎక్కడ పెట్టిందో తనకే తెలుసు.