ఇడుపులపాయ సీటు లెక్క

పదో తరగతి ఫలితాలొచ్చిన రోజున పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు ఇళ్లలో ‘ఎన్నొచ్చాయి?’ అన్న ప్రశ్న వెనకాలే ఇంకో ప్రశ్న వస్తుంది: ‘ఇడుపులపాయలో సీటొస్తుందా?’ మొదటిదానికి జవాబు తెలియడానికి హాల్‌టికెట్ నంబరు చాలు. రెండోదానికి జవాబు చెప్పే పద్ధతి మాత్రం 2008 నుంచి మూడు నాలుగుసార్లు మారింది.

ఆ ఏడాదే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం చట్టం వచ్చింది. బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మూడు క్యాంపస్‌లు తెరిచారు. జనం నోట అవి ‘ట్రిపుల్ ఐటీ’లయ్యాయి. ట్యూరింగ్ అవార్డు అందుకున్న చిత్తూరు జిల్లా కాటూరు మనిషి రాజ్ రెడ్డి తొలి ఛాన్సలర్. వేంపల్లె మండలంలో, కొండల పక్కన, అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఎస్టేట్ ఉన్న ఊళ్లో ఇంత పెద్ద చదువుల ఆవరణ వెలవడం వెనక రాజకీయం ఉంది, అందులో దాపరికమేమీ లేదు. అయినా అసలు కొత్తదనం ప్రవేశ పద్ధతిలో ఉంది. ఎంసెట్ లేదు, కోచింగ్ లేదు. పదో తరగతి మార్కులతోనే పిల్లల్ని తీసుకుని, రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్ కలిపి ఆరేళ్లు అక్కడే ఉంచి చదివించడం.

మార్కులున్నంత కాలం లెక్క తేలికే. 2012లో పదో తరగతికి గ్రేడ్లు రావడంతో చిక్కు మొదలైంది. తొంభై అయిదు వచ్చినా నూటికి నూరు వచ్చినా ఒకటే గ్రేడు. పైవరసలో పిల్లలంతా ఒకేచోట గుమిగూడారు. అప్పుడు సీటు తేల్చింది 0.4.

సర్కారు, జిల్లా పరిషత్, మునిసిపల్ నాన్ రెసిడెన్షియల్ బడుల పిల్లలకు జీపీఏ మీద కలిపిన ‘డిప్రివేషన్ స్కోర్’ అది. చూడటానికి చిన్న అంకె. ఆరు సబ్జెక్టుల్లో ఒకదాంట్లో ఒక్క మెట్టు దిగితే జీపీఏ 9.8, రెండింట్లో దిగితే 9.7, మూడింట్లో అయితే 9.5. అంటే రెండు సబ్జెక్టుల్లో వెనకబడ్డ జిల్లా పరిషత్ హైస్కూలు పిల్ల 10.1తో, ప్రైవేటు బడిలో టెన్ బై టెన్ తెచ్చుకున్న పిల్లను దాటేది. మూడింట్లో వెనకబడితే 9.9, దాటలేకపోయేది. ప్రొద్దుటూరులో వేలు పోసి చదివించిన తల్లిదండ్రులకు ఇది కడుపుమంటగా ఉండేది. కానీ ఆ 0.4 లేకపోతే ఈ విశ్వవిద్యాలయం పెట్టిన ఉద్దేశమే మిగిలేది కాదు.

సమానంగా వచ్చినవాళ్లను విడదీయడానికి ఇంకో నిచ్చెన ఉంది. ముందు లెక్కలు, తర్వాత సైన్సు, ఇంగ్లీషు, సోషల్, మాతృభాష. అవన్నీ సమానమైతే వయసులో పెద్దవారికి సీటు. అక్కడా తేలకపోతే హాల్‌టికెట్ నంబరు నుంచి తీసే ర్యాండమ్ అంకె. అన్నింటా పది వచ్చినవాళ్లు ఎక్కువయ్యేకొద్దీ పుట్టినరోజుకు విలువ పెరిగింది. బడిలో వేసేటప్పుడు అయ్యవారు తనకు తోచిన తేదీ రాసుకోవడం మన ఊళ్లలో పాత అలవాటే. ఆ తేదీ పదేళ్ల తర్వాత ఇంజనీరింగ్ సీటుకు అడ్డమొస్తుందని ఎవరనుకుంటారు? ఇక బడిలోనే వేసే 20 ఇంటర్నల్ మార్కులు వచ్చాక అనుమానాలు ఇంకా పెరిగాయి.

2014లో రాష్ట్రం విడిపోయి బాసర తెలంగాణకు వెళ్లింది. 2016లో ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీలు వచ్చాయి. ఒంగోలు పేరుతో సీటొచ్చిన పిల్లలు మొదట్లో చదువుకున్నది ఇడుపులపాయలోనే.

కరోనా ఏడాది పదో తరగతి పరీక్షలే జరగలేదు, అందరూ పాస్. లెక్క వేయడానికి అంకెలే లేవు. దాంతో 2020 డిసెంబరు 5న తొలిసారి ప్రవేశ పరీక్ష పెట్టారు. నూరు మార్కుల్లో సగం లెక్కలవి, మిగతా సగం భౌతిక, జీవశాస్త్రాలవి. మరుసటి ఏడాదీ అదే దారి. కోచింగ్ వద్దనుకున్న చోటికి పరీక్ష రావడం ఆ రెండేళ్లకే పరిమితమైంది. 2022లో మళ్లీ మార్కులొచ్చాయి, 0.4 స్థానంలో నాలుగు శాతం వచ్చింది.

ఇప్పుడు నాలుగు క్యాంపస్‌లకు కలిపి సీట్లు 4,400 దాకా ఉన్నాయి. 85 శాతం స్థానికులవి, మిగతావి అందరివీ. అందుకే జమ్మలమడుగు పిల్ల అవకాశం చూడాలంటే మార్కులొక్కటే చాలవు. ఏ బడి, ఏ రిజర్వేషన్, లెక్కల్లో ఎన్ని, పుట్టిందెప్పుడు అన్నవీ కావాలి. నిరుటి కటాఫ్ కొంతవరకే దారి చూపిస్తుంది, ఎందుకంటే ప్రశ్నపత్రం తేలికైన ఏడాది అది పైకి జరుగుతుంది. సీటొచ్చినవాళ్లలో కొందరు చేరకుండా ఆగిపోతే రెండో విడత కౌన్సెలింగ్‌లో ఆ ఖాళీలు నింపుతారు. ఈలోగా జూనియర్ కాలేజీలవాళ్లు ఫీజు కట్టమని ఫోన్లు చేస్తూనే ఉంటారు.