కోటకొమ్మ మెట్లు

మొన్న సంక్రాంతి సెలవులకు నాగర్‌కర్నూల్‌లో మా చెల్లెలి ఇంటికి పోయాను. సంచి దింపకముందే మేనల్లుడు చెయ్యి పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు.

"మామా, కార్డు కొత్తది, మానిటర్ కొత్తది. అయినా గేమ్ అంతా మసక మసకగ ఉంది, అద్దం మీద ఆవిరి పట్టినట్టు. యాంటీ అలియాసింగ్ తీసేస్తే మసక పోతది గని, అంచులన్నీ రంపం పళ్ల లెక్క కనిపిస్తయి."

గేమ్‌లో కారును ఇనుప కంచె పక్కన ఆపమన్నాను. ఆకాశం వెనకాల ఉండేటట్టు తిప్పించి, ఆ సెట్టింగ్ తీసేయమన్నాను. కంచె తీగలన్నీ మెట్లయిపోయాయి. తెరకు ముఖం దగ్గర పెట్టి లెక్కపెట్టాను. నాలుగు గడులు, అంటే పిక్సెళ్లు, అడ్డంగా, ఒక గడి దిగుడు. మళ్లీ నాలుగు, ఒక దిగుడు. ఈ లెక్క నేను కంప్యూటర్ దగ్గర నేర్చుకోలేదు. గద్వాలలో మా ఇంటి అరుగు మీద, నాయన గ్రాఫు కాగితం పక్కన కూర్చుని నేర్చుకున్నాను.

తాత గుంత మగ్గం మీద చీరలు నేసేవాడు. నాయన మగ్గం దిగి డిజైన్ల పనికి మళ్లాడు. గ్రాఫు గీయడం, దాన్ని చూసి జకార్డు అట్టలకు రంధ్రాలు కొట్టడం ఆయన పని. 120 కొక్కేల జకార్డుకు గీసే గ్రాఫులో అడ్డంగా 120 గడులు ఉంటాయి. నిలువుగా ఒక్కో వరుస ఒక్కో పేక పోగు, ఒక్కో పోగుకు ఒక్కో అట్ట. గడి నిండితే అట్టకు రంధ్రం, రంధ్రం ఉంటే కొక్కెం లేస్తుంది, పడుగు పోగు పైకి వస్తుంది. గడి ఖాళీ అయితే పోగు కిందనే ఉంటుంది. సగం లేవడం అనేది మగ్గంలో లేదు.

గడుల మీద మామిడి పిందె గీయాలంటే వంపు కావాలి. గడికి వంపు లేదు, నాలుగు మూలలే. నాయన పెన్సిల్‌తో పిందె గీసి, ఆ గీత వెంట గడులు నింపుతూ పైకి చదివేవాడు: "ఆరు, నాలుగు, మూడు, రెండు, ఒకటి, ఒకటి." అడ్డం పరుగు అట్లా తగ్గుతూ పోతే మెట్లున్నా కంటికి వంపే కనిపిస్తుంది. ఆరు, నాలుగు తర్వాత పొరపాటున ఐదు పడిందా, పిందె వీపు మీద బొడిపె లేస్తుంది. చీర నేసినాక ఆమడ దూరం నుంచి కూడా ఆ బొడిపె కనిపిస్తుందనేవాడు. రబ్బరు పెట్టి తుడిచి మళ్లీ మొదటి మెట్టు నుంచి లెక్కపెట్టేవాడు. గీత మీద గడులు ఎట్లా ఎంచాలో కంప్యూటర్‌కు చెప్పే పద్ధతిని 1962లో ఐ.బి.ఎం.లో బ్రెసెన్‌హామ్ తయారుచేశాడని నేను వనపర్తి పాలిటెక్నిక్‌లో చదివినప్పుడు, నాకు ఆ సూత్రం కొత్తగా అనిపించలేదు. అది నాయన గొంతులోనే వినిపించింది.

గద్వాల చీరకు అసలు గుర్తు మాత్రం మామిడి పిందె కాదు, అంచు. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. నడుమ నూలు నాడె ఒకటి, పక్కలకు పట్టు నాడెలు రెండు, మొత్తం మూడు నాడెలు ఆడతాయి. ప్రతి వరుసలో నూలు పోగూ పట్టు పోగూ ఒకదాన్నొకటి మెలేసుకుని వెనక్కి తిరగాలి. దాన్నే కుట్టు అంటాం. ఆ మెలిక వరుస వరుసకూ కొంచెం లోపలికి జరుగుతూ పోతే కోటకొమ్మ లేస్తుంది. గుడి గోపురంలాగా, కోట బురుజులాగా, రెండు పక్కలా మెట్లతో. ఇక్కడ మెట్టును దాచే ప్రయత్నం ఎవరూ చేయలేదు, మెట్టునే అందం చేశారు. తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏటా గద్వాల నుంచి వెళ్లే ఏరువాడ జోడు పంచెల అంచుల్లోనూ ఈ కోటకొమ్మలే ఉంటాయి. గద్వాల సంస్థానం నాటి నుంచి వస్తున్న ఆనవాయితీ అది. పంచె పొడవు 11 గజాలు, వెడల్పు రెండున్నర గజాలు, అంచు 15 అంగుళాలు. అంత వెడల్పు మగ్గానికి ఒక మనిషి చేతులు చాలవు, నేతగాళ్లు పక్కపక్కన కూర్చుని నిష్ఠతో నేస్తారు. నా దృష్టిలో గడుల మీద మనిషి సాధించిన గొప్ప పనుల్లో అదొకటి.

తెరలకు ఆ నిబ్బరం లేదు, ఉండటానికీ వీల్లేదు. కోటకొమ్మ కదలదు, గేమ్‌లో కంచె కదులుతుంది. కదిలినప్పుడు మెట్లు పాకుతాయి, మెరుస్తాయి, సన్నని తీగ ముక్కలు ముక్కలుగా తెగి కనిపిస్తుంది. 1977లో ఫ్రాంక్ క్రో అనే అమెరికా పరిశోధకుడు దీని కారణం విడమరిచి రాశాడు. గడి మధ్యలో ఒక్క చుక్క దగ్గరే రంగు చూసి గడి మొత్తానికీ అదే పూస్తే మెట్లు పడతాయి. గడిలో తీగ ఎంత మేర ఉందో చూసి అంత మేరకే రంగు కలపాలి. సగం తీగ, సగం ఆకాశం ఉంటే రంగు కూడా సగం సగం. మగ్గంలో లేని ఆ సగమే యాంటీ అలియాసింగ్.

    వనపర్తిలో చదువయ్యాక 2004లో గద్వాలలో నెట్ సెంటర్ పెట్టాను. ఆరు సిస్టమ్‌లు, అన్నీ పెద్ద డబ్బా మానిటర్లు. పగలు హాల్ టికెట్లు, రిజల్ట్‌లు. సాయంత్రమైతే వైస్ సిటీ, ఐ.జి.ఐ., తర్వాత క్రికెట్ 07. వేరే గ్రాఫిక్స్ కార్డు కొనే స్తోమత లేదు. అందుకే పిల్లలు రాగానే రిజల్యూషన్ 800×600కు దించి, యాంటీ అలియాసింగ్ ఆపేసి ఆడేవాళ్లు. మసక అన్న మాట ఒక్కడూ అనలేదు. డబ్బా మానిటర్‌లో చుక్కల అంచులు వాటంతటవే కొంచెం మెత్తబడతాయి, ఏ రిజల్యూషన్ ఇచ్చినా సర్దుకుంటుంది. తర్వాత పలక మానిటర్లు తెచ్చాను. అవే గేమ్‌లు, అదే 800×600, తొలి రోజే గొడవ. పలక మానిటర్‌కు గడులు పుట్టుకతోనే లెక్కగా ఉంటాయి. 1280×1024 గడుల మీద 800×600 బొమ్మ పరిచితే ఒక గడి ఒకటిన్నర గడి కంటే కొంచెం ఎక్కువ కావాలి. గడిని ఒకటిన్నర చేయలేం, అందుకే మానిటర్ పక్క రంగులు కలిపి పూస్తుంది. మసక అక్కడి నుంచే మొదలైంది.

నేను బాగా దెబ్బతిన్నది గేమ్‌లో కాదు, చీరలో. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగినప్పుడు రాజోలిలో మా మేనత్త ఇల్లు మునిగింది. నీళ్లు దిగాక మగ్గం గుంత నిండా బురద. అట్టల దండలు నాని ఉబ్బిపోయి ఒకదానికొకటి అతుక్కున్నాయి. నాయన దగ్గర పాత గ్రాఫులు కొన్ని మిగిలాయి. వాటిని స్కాన్ చేసి కంప్యూటర్‌లో శుభ్రంగా దిద్దిపెడతానని నేనే ముందుకొచ్చాను. అంచులు గరుకుగా ఉంటే మెత్తని బ్రష్‌తో నున్నగా దిద్దాను. తెర మీద ముచ్చటగా ఉంది. దాని ప్రకారం అట్టలు కొట్టించాను. మేనత్త మగ్గం మీద పిందె చుట్టూ జరీ పోగులు అక్కడొకటి ఇక్కడొకటి చెదిరిపోయాయి. బ్రష్ అంచున వేసిన బూడిద రంగు గడులను అట్ట కొట్టేవాళ్లు కొన్నిటిని నిండినవి అనుకున్నారు, కొన్నిటిని ఖాళీ అనుకున్నారు. నాయన కోప్పడలేదు. వేలు పెట్టి ఒక గడి చూపించాడు.

"ఇది లేస్తదా, లేవదా? నువ్వు చెప్పు."

నేను చెప్పలేకపోయాను. ఆ రాత్రే సెట్టింగ్‌లలో యాంటీ అలియాసింగ్ తీసేసి, నలుపూ తెలుపూ రెండే ఉంచి, గడి గడికీ మళ్లీ గీయడం మొదలుపెట్టాను. తొమ్మిది రోజులు పట్టింది.

గేమ్‌ల చరిత్ర కూడా ఈ సగం గడి చుట్టూనే తిరిగింది. 2000లో వచ్చిన వూడూ 5 కార్డు బొమ్మను కొంచెం కొంచెం జరిపి పలుమార్లు గీసి సగటు తీసేది. అందంగా ఉండేది, కానీ యంత్రం మోయలేనంత బరువు. 2001లో జీఫోర్స్ 3 అంచుల దగ్గరే ఎక్కువ చుక్కలు చూసే పద్ధతి తెచ్చింది. నాకు ఇప్పటికీ ఇష్టమైన పద్ధతి అదే. కానీ వెలుతురును చివర్లో లెక్కగట్టే కొత్త గేమ్‌లకు అది మరీ ఖరీదైపోయింది. 2009లో ఎన్‌విడియాలో టిమొతీ లాటిస్ రాసిన ఎఫ్.ఎక్స్.ఎ.ఎ. తయారైన బొమ్మ మీద అంచులు వెతికి పులుముతుంది. చౌక, కానీ అక్షరాలను కూడా పులిమేస్తుంది. 2014 నాటికి టి.ఎ.ఎ. నిలదొక్కుకుంది. ప్రతి ఫ్రేమ్‌లో కెమెరాను గడిలో కొంత మేర జరిపి, వెనకటి ఫ్రేమ్‌లతో కలుపుతుంది. నిలబడి చూస్తే నున్నగా ఉంటుంది, పరుగెత్తితే నీడలు వెంటపడతాయి. 2018లో డి.ఎల్.ఎస్.ఎస్. వచ్చాక గేమ్ చిన్న బొమ్మను గీసి పెద్దది చేయడం మామూలైంది.

మేనల్లుడి కంప్యూటర్‌లో తప్పు అక్కడే దొరికింది. మానిటర్ 1920×1080, అంటే 20,73,600 గడులు. గేమ్‌లో అప్‌స్కేలింగ్ 'పర్ఫార్మెన్స్' మీద ఉంది. అంటే నిజంగా గీస్తున్నది 960×540, 5,18,400 గడులే. నాలుగింట ఒక వంతు గడులతో గీసి నిండు తెర కప్పుతున్నాడు. వాడు యాంటీ అలియాసింగ్‌ను తిట్టుకుంటూ దాన్ని ఆపుతూ పెడుతూ ఉన్నాడు. ముందు రిజల్యూషన్ మానిటర్ గడుల లెక్కకు సరిపోయిందో చూశాం. తర్వాత అప్‌స్కేలింగ్ తీసి వంద శాతానికి తెచ్చాం. మోషన్ బ్లర్, ఫిల్మ్ గ్రెయిన్ ఆపేశాం. రోడ్డు దూరాన మసకబారకుండా ఆనిసోట్రోపిక్ 16కు పెంచాం. టి.ఎ.ఎ.ను మాత్రం ఉంచి, షార్ప్‌నెస్ ఒక్క పిసరు కలిపాం. కంచె తీగ నిలబడింది. ఫ్రేమ్‌లు కొంచెం తగ్గాయి, అయినా వాడికి నచ్చింది.

"మామా, తాత గ్రాఫులు ఇంకా ఉన్నయా?" అన్నాడు.

ఉన్నాయి, గద్వాలలో ట్రంకు పెట్టెలో. గద్వాల, రాజోలి, అయిజ, అమరచింతల్లో ఎవరి ఇంట్లోనైనా పాత గ్రాఫులు, అట్టలు ఉంటే పారేయకండి. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఒక గడికి ఒకే చుక్క ఉంచండి, నలుపూ తెలుపూ రెండే వాడండి. జేపీజీగా కాదు, పీఎన్‌జీగా దాచండి. నున్నగా చేసే మీట ఏది కనిపించినా ఆపేయండి.