గద్దె వాళ్లది, గద్దీ మాది

ఉర్దూలో గద్దీకి రెండర్థాలున్నాయి. ఒకటి రాజు కూర్చునేది. రెండోది రిక్షాలోనో కారులోనో దూదీ పీచూ కూరి కుట్టిన మెత్త. తెలుగులో గద్దె అనగానే అందరికీ మొదటిదే తోస్తుంది. రెండోది మెకానిక్ షెడ్ల దగ్గర మా నోళ్లలో మిగిలిపోయింది. ముస్లింల చరిత్ర అన్నా అంతే. చార్మినారు, చౌమహల్లా, నిజాం నగలు చూపించి, 'మీరు ఏలినోళ్లు కదా' అంటారు. ఎవరేలారు? ఎప్పుడేలారు? మా తాతలు గద్దెలెక్కలేదు, గద్దీలు కుట్టారు. ఆ చరిత్ర రాసినవాళ్లు లేరు కాబట్టి మేమే రాసుకుంటున్నాం.

కారు లోపలి అలంకారం సంగతి ఎత్తగానే హైదరాబాదులో ఎవరైనా చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపు రంగు రోల్స్ రాయిస్ దగ్గరికే తీసుకెళ్తారు. 1912 నాటి సిల్వర్ గోస్ట్ అది. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా కోరి చేయించుకున్నాడు. లండన్‌లో బార్కర్ కంపెనీ బాడీ కట్టింది. వెనక సీటు మామూలు సీటు కాదు, సింహాసనంలా ఎత్తుగా లేపి పెట్టింది. కారు తయారై వచ్చేలోపే, 1911 ఆగస్టులో, పాషా కన్నుమూశాడు. సొంతదారు ఇష్టప్రకారం లోపలంతా మార్పించుకున్న కార్ల కథ మన నేల మీద ఇక్కడ మొదలైందంటే మేం కాదనం. కానీ అందులో మాకు ఏం సంబంధం? ఆ గద్దె మీద కూర్చోవలసినవాడు నవాబు. ఆ గద్దీ కుట్టినవాడు లండన్ పనివాడు. మా మతం పేరు, పాషా మతం పేరు ఒకటే అయినంత మాత్రాన ఆ కారు మా ఖాతాలో పడుతుందా?

మా ఖాతా దూది దగ్గర మొదలవుతుంది. దూదేకుల, పింజారి, లదాఫ్, నూర్‌బాషా - ఏ పేరుతో పిలిచినా విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, దూది ఏకి, పరుపులూ బొంతలూ నింపి ఇచ్చిన వాళ్లం. నమాజుకి పోతే 'వీడు తెలుగోడు' అని అష్రాఫులు, రచ్చబండ దగ్గరికి పోతే 'వీడు తురకోడు' అని పెద్ద కులాలు పక్కకి నెట్టిన వాళ్లం. జిన్నింగు మిల్లులు వచ్చాయి, రెడీమేడ్ పరుపులు వచ్చాయి. విల్లుకి పని పోయింది. దూదేకుల వాళ్లు ముందునుంచీ బీసీ-బి జాబితాలో ఉన్నారు. 2007లో మరికొన్ని ముస్లిం వృత్తి కులాలని బీసీ-ఇ కింద చేర్చారు. ఆ జాబితాలు చదివితే విచిత్రంగా ఉంటుంది. పేరులో వృత్తి ఉంటుంది, చేతిలో ఆ వృత్తి ఉండదు. చేతిలో ఉన్న వృత్తికి ఏ జాబితాలోనూ పేరుండదు.

చేతిలోకి వచ్చిన కొత్త వృత్తుల్లో ఒకటి సీటు పని. కర్నూలు, కడప, గుంటూరు, నల్గొండ - ఏ ఊళ్లోనైనా బస్టాండు వెనక సందులోకి వెళ్లి చూడండి. విజయవాడ ఆటోనగర్ చూడండి, సికింద్రాబాదు రాణిగంజ్ చూడండి. అంబాసిడర్, ఫియట్ తిరిగిన కాలంలో సీటంటే కింద స్ప్రింగులు, వాటి మీద గోనె, గోనె మీద కొబ్బరిపీచు, ఆ పైన పల్చని దూది, అన్నింటి మీదా రెగ్జిన్. అన్నట్టు రెగ్జిన్ అనేది ఇంగ్లండ్‌లో ఒక కంపెనీ పెట్టుకున్న పేరు. మనకి తోలులా కనపడే ప్రతి గుడ్డా రెగ్జినే అయింది. పీచు ఎక్కువైతే సీటు రాయిలా ఉంటుంది, తక్కువైతే ఆర్నెల్లకి గుంట పడుతుంది. ఎంత కూరాలో చెప్పే పుస్తకం లేదు. అరచేత్తో నొక్కి చూసి తెలుసుకోవాల్సిందే. దూది ఏకిన చేతికి ఆ లెక్క తొందరగా పట్టుబడింది. వంకర సూది, బొంత సూది, కత్తెర, సుత్తి, రింగులు బిగించే ప్లాసు. ఇంతే ఆస్తి. సర్కారు అంబాసిడర్ల వెనక సీటు మీద తెల్ల తువ్వాలు పరిచేవాళ్లు, గుర్తుందా? అధికారానికి అదో జెండా. ఆ తువ్వాలు కింద ఉన్న సీటు మేం కుట్టిందని దాని మీద కూర్చున్న ఏ కలెక్టరుకీ తెలియదు. తెలియాల్సిన పని లేదనుకున్నాడు.

పాట సంగతికి వద్దాం. అమెరికాలో గాల్విన్ అన్నదమ్ములు 1930లో కారు రేడియోని మోటరోలా పేరుతో అమ్మారు. మన దగ్గర కారులో రేడియో అంటే చాలా ఏళ్లు డబ్బున్నవాళ్ల ముచ్చటే. రేడియో పెట్టుకుంటే పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి కూడా. 1963లో ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్టు తెచ్చాక, అది కార్లలోకి ఎక్కాక లెక్క మారింది. రేడియోలో ఢిల్లీవాడు వినిపించింది వినాలి. క్యాసెట్టయితే మనకి కావలసింది మనం వింటాం. అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ ఖవ్వాలీ, ఘంటసాల పద్యం, గల్లీలో పెళ్లికి రికార్డు చేసిన మర్ఫా, ఏదైనా సరే.

ఆ డెక్కులు ఎక్కడినుంచి వచ్చాయి? చాలావరకు గల్ఫ్ నుంచి. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి అరబ్బు దేశాల్లో కట్టడాలు లేచాయి. పాతబస్తీ నుంచి, కడప జిల్లా నుంచి, కరీంనగర్ నుంచి జనం వెళ్లారు. తిరిగి వస్తూ టూ-ఇన్-వన్ తెచ్చారు, కొందరు పయొనీరో కెన్‌వుడ్డో కారు డెక్కు తెచ్చారు. ఆ రోజుల్లో దిగుమతి సుంకం ఎంతంటే షాపులో కొనడం మామూలువాడి వల్ల కాదు. మద్రాసు బర్మా బజారుకి పోయి కొన్న షావుకార్లు బోలెడుమంది. కానీ సినిమాలో స్మగ్లరుకి మాత్రం మా పేరే పెట్టారు, మా టోపీయే పెట్టారు. కొన్నవాడు రసికుడు, బిగించినవాడు దొంగ! ఎడారిలో ఎండకి మాడి, పాస్‌పోర్టు సేఠ్ దగ్గర పెట్టి, రెండేళ్లకోసారి ఇంటికొచ్చిన మనిషి చేతిలోని ఆ పెట్టెని జనం చమురు డబ్బు అన్నారు. అది చెమట డబ్బు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. మా షెడ్లకి అసలు పని అప్పుడు దొరికింది. మధ్యతరగతి మొదటిసారి కారు కొంది. ఆ కారులో పాట లేదు, సీట్లు పల్చన, తలుపుల లోపల వట్టి అట్ట. కారు కొన్న మర్నాడే మా దగ్గరికి వచ్చేవాళ్లు. సీటు కవర్లు, కాళ్ల కింద మ్యాట్లు, స్టీరింగు తొడుగు, అద్దాలకి ఫిల్మ్, ఆఖరున 'భాయ్, మంచి సెట్టు పెట్టు'. ఈ పనిని అలంకారం అంటారు. మేం ఇంజనీరింగు అంటాం, చదువుకున్నవాళ్లు నవ్వినా సరే. వెనక అద్దం కింద ఉండే పలక కంపెనీవాడిచ్చిన అట్ట. ఆరు అంగుళాలు, తొమ్మిది అంగుళాల కోడిగుడ్డు స్పీకర్ల బరువు అది మోయలేదు. మోసినా పాటతోపాటు తనూ అదురుతుంది. అదే కొలతకి ప్లైవుడ్ కోసి, దాని మీద కార్పెట్ అంటించి, అందులో స్పీకరు దించాలి. యాంప్లిఫయరు పెడితే బ్యాటరీ నుంచి లావు వైరు లాగాలి. బ్యాటరీకి జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. లేకపోతే దారిలో వైరు ఎక్కడ ఒరుసుకున్నా బండి తగలబడుతుంది. కరెంటు వైరు ఒక పక్కనుంచి లాగితే పాట వైరు రెండో పక్కనుంచి తేవాలి. రెండూ ఒకే పక్కన పోతే ఎక్సలేటరు తొక్కినప్పుడల్లా పాటలో కూతలాంటిది లేస్తుంది. ఎర్తు బిగించే చోట రంగు గీకి, ఇనుము తేలాకే బోల్టు వెయ్యాలి. పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండేది, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్తు. నాలుగో తరగతిలో బడి మానేసిన కుర్రాడు ఇదంతా చెయ్యగలడు. వాడి దగ్గర ఐటీఐ కాగితం లేదు, ఉస్తాదు కొట్టిన దెబ్బలున్నాయి.

ఆ దెబ్బల మాట కూడా చెప్పాలి. మా ఉస్తాదుల గొప్ప చెప్పుకుంటూ చోటూల సంగతి దాచేస్తే మేమూ నవాబుల చరిత్రకారుల్లాగే తయారవుతాం. ఎనిమిదేళ్ల పిల్లాణ్ని తెచ్చి షెడ్డులో వదిలేసి, మూడేళ్లు టీలు మోయించి, చెయ్యి సన్నగా ఉంది కదా అని డ్యాష్‌బోర్డు కింద దూర్చి వైర్లు లాగించి, పండక్కి ఒక జత బట్టలు పెట్టడాన్ని విద్య నేర్పడం అన్నారు. ఎవరి పిల్లలు వాళ్లు? మా పిల్లలే. మిలాద్ సభల్లో విద్య గురించి ఉపన్యాసాలిచ్చే మా పెద్దలు ఈ షెడ్లవైపు ఎప్పుడైనా వచ్చారా? వచ్చారు, కార్లకి సీట్లు కుట్టించుకోడానికి.

సెట్టు బిగించాక పరీక్ష చెయ్యాలి. 1992లో రోజా పాటలు వచ్చిన తర్వాత ప్రతి షెడ్డులోనూ ఆ క్యాసెట్టు ఒకటి ఉండేది. 1994లో ప్రేమికుడు వచ్చింది. బేసు ఎంతదాకా పగలకుండా వస్తుందో రెహమాన్ పాటతో చూసి కారు అప్పగించేవాళ్లం. కారుగలాయన తలూపుకుంటూ వెళ్లిపోయేవాడు. వెళ్లేముందు ఇంకో పని ఉండేది. డ్యాష్‌బోర్డు మీద వెంకన్ననో వినాయకుణ్నో పెట్టాలి. సరిగ్గా మధ్యలో, అద్దానికి అడ్డం రాకుండా, ఎండకి జిగురు కరగకుండా. అది మేమే పెట్టేవాళ్లం. చేతులు కడుక్కుని పెట్టేవాళ్లం. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. మతసామరస్యం అని సభలు పెట్టి మాట్లాడేవాళ్లకి ఈ ముక్క తెలియదు. మాకు అది సామరస్యం కాదు, పని.

మా బండ్లకీ గుర్తులుండేవి. అద్దం మీద 786, మిర్రరుకి వేలాడే ఆయతుల్ కుర్సీ. 1990 అల్లర్లప్పుడు, మళ్లీ 1992 డిసెంబరులో, ట్యాక్సీలు తోలుకునేవాళ్లు బ్లేడు పెట్టి ఆ 786 గీకేసుకున్నారు. స్టిక్కరు పోయినా అద్దం మీద జిగురు మరక పోదు. కిరోసిను గుడ్డ పెట్టి తుడవాలి. అలా తుడిపించుకోడానికి మా షెడ్లకే వచ్చారు. దానికి మేం డబ్బులు తీసుకోలేదు. వెంకన్న బొమ్మ అతికించిన వేళ్లతోనే 786 తుడిచాం. గుర్తింపు గురించి సిద్ధాంతాలు చాలా చదివాం గానీ, ఆ కిరోసిను వాసన చెప్పినంత ఏ పుస్తకమూ చెప్పలేదు.

సచార్ కమిటీ 2006లో లెక్కలు తీసి, ముస్లింలు ప్రభుత్వ ఉద్యోగాల్లో తక్కువగానూ, బండ్ల రిపేరు, చిల్లర వ్యాపారం, రోడ్డు రవాణా లాంటి పనుల్లో ఎక్కువగానూ ఉన్నారంది. మాకు కొత్త కాదు. కొత్త ఏమిటంటే, ఆ పనులు కూడా జారిపోవడం. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కార్ల అద్దాలకి నల్ల ఫిల్ములు కూడదంది. మంచిదే కావచ్చు. అతికించి బతికినవాడే పీకి బతికాడు, కొన్ని నెలలు. 2014లో మారుతి 800 తయారీ ఆగింది, అదే ఏడు అంబాసిడరూ ఆగింది. ఇప్పుడు కార్లు తెరలతో సహా ఫ్యాక్టరీ నుంచే వస్తున్నాయి. వైరు కోస్తే వారంటీ పోతుందని షోరూమువాడు ముందే బెదిరిస్తాడు. కొన్ని కార్లలో సీటు పక్కలోనే ఎయిర్‌బ్యాగు ఉంటుంది. దాని మీద గట్టిగా కవరు కుట్టేస్తే ప్రమాదమప్పుడు అది తెరుచుకోదు. ఆ చోట తేలిగ్గా తెగే దారంతో కుట్టాలి. ఈ సంగతి మా కుర్రాళ్లకి ఎవరు నేర్పారు? వాళ్లే ఫోన్లలో వీడియోలు చూసి నేర్చుకుంటున్నారు. మిగిలిన పని సెకండ్ హ్యాండు బండ్లది, క్యాబులది.

షెడ్డు నడవక చాలామంది ఆ క్యాబులే తోలుతున్నారు. అప్పులో కొన్న బండి. లోపల ఏం పెట్టుకోవాలో తోలేవాడి ఇష్టం కాదు, రేటింగు ఇష్టం. 786 లేదు, ఆయతుల్ కుర్సీ లేదు. అక్కర్లేదు కూడా. బండి రాకముందే పేరు ఫోనులో కనపడుతుంది. 2018 ఏప్రిల్‌లో లక్నోలో ఒకాయన డ్రైవరు ముస్లిమని క్యాబు రద్దు చేసుకుని, ఆ ముక్క గొప్పగా ట్విట్టర్‌లో పెట్టుకున్నాడు. గొప్పగా చెప్పుకోకుండా రద్దు చేసుకునేవాళ్ల లెక్క ఎవరు తీస్తారు? అద్దం మీది గుర్తయితే బ్లేడుతో గీకేవాళ్లం. ఎక్కినవాళ్లు 'ఏసీ పెంచు' అంటారు. తర్వాత తమ ఫోను బ్లూటూత్‌కి కలుపుకుని తమ పాట పెట్టుకుంటారు. అది రెహమాన్ పాటే అయితే, డ్రైవరు బేసు ఒక గీత తగ్గిస్తాడు, స్పీకరు పగలకుండా.