రాజ్యం ఇంటిగుట్టు

ఇంటిగుట్టు లంకకు చేటని ఆడవాళ్లకు చెప్పినంతగా మగవాళ్లకు ఎవరూ చెప్పరు. ఆత్మకథల మీద పనిచేసే నాకు బ్రిటిష్ రాయబారుల జ్ఞాపకాల చరిత్ర చదువుతున్నప్పుడు ఈ సామెతే గుర్తొచ్చింది. అక్కడ ఆ మాట చెప్పేది అత్తగారు కాదు, ప్రభుత్వం.

బ్రిటన్‌లో రిటైరైన రాయబారి తన పుస్తకం రాతప్రతిని అచ్చుకు ముందు ప్రభుత్వానికి చూపించాలి. ఏమేం చూడాలో 1976లో రాడ్‌క్లిఫ్ కమిటీ చెప్పింది: దేశభద్రత, ఇతర దేశాలతో సంబంధాలు, మంత్రులూ అధికారుల మధ్య ఉండే నమ్మకం. ఈ మూడోదానికి 15 ఏళ్ల గడువు పెట్టింది. మొదటి రెండింటినీ ఒప్పుకోవచ్చు. నియంత పాలనలో రాయబారికి రహస్యంగా సమాచారమిచ్చిన మనిషి పేరు బయటపడితే ప్రాణమే పోవచ్చు. చిక్కంతా మూడోదానితోనే. ఎవరి నమ్మకం, ఎవరి పరువు?

2005లో ఏం జరిగిందో చూడండి. వాషింగ్టన్‌లో రాయబారిగా చేసిన క్రిస్టొఫర్ మేయర్ మంత్రుల గురించి చులకనగా రాసిన పుస్తకం పరిశీలన దాటి అచ్చయింది. ఇరాక్ యుద్ధకాలంలో ఐక్యరాజ్యసమితిలోనూ, తర్వాత బాగ్దాద్‌లోనూ పనిచేసిన జెరెమీ గ్రీన్‌స్టాక్ పుస్తకం ఆగిపోయింది. అది వెలుగు చూసింది 2016లో. ఉజ్బెకిస్తాన్‌లో చిత్రహింసలతో రాబట్టిన సమాచారాన్ని తన ప్రభుత్వం వాడుకుంటోందన్న క్రెయిగ్ మర్రే పుస్తకం విదేశాంగ శాఖ అభ్యంతరాల మధ్య 2006లో వచ్చింది. యుద్ధం గురించి పౌరులు తెలుసుకోవాల్సింది పదకొండేళ్లు ఆలస్యమైంది.

ఇందులో మనకేం పని అనొచ్చు. 1946 దాకా ఆ శాఖ స్త్రీలను దౌత్యాధికారులుగా తీసుకోలేదు. 1973 దాకా పెళ్లయితే ఉద్యోగం వదలాల్సిందే. కాబట్టి రాసేవాళ్లూ, దిద్దేవాళ్లూ చాలాకాలం మగవాళ్లే. శాఖ తన స్త్రీలతో ఎలా ప్రవర్తించిందన్నది కూడా ‘లోపలి విషయమే’ అయింది.

మన దేశంలో సి.బి. ముత్తమ్మ ఈ గుట్టును మరోరకంగా విప్పారు. 1949లో ఐ.ఎఫ్.ఎస్.లో చేరిన తొలి మహిళ ఆమె. పెళ్లాడాలంటే స్త్రీ అధికారి ప్రభుత్వ అనుమతి తీసుకోవాలనీ, పెళ్లయ్యాక రాజీనామా అడగవచ్చనీ అప్పటి నిబంధన. పదోన్నతిలో తనకు జరిగిన వివక్షతో పాటు దీన్నీ ఆమె సుప్రీంకోర్టుకు తీసుకెళ్లారు, ఉద్యోగంలో ఉండగానే. 1979 నాటి తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్ సర్వీసు నిబంధనలన్నింటినీ వివక్ష లేకుండా సరిచేయాలన్నారు. ఆమె పుస్తకం ‘స్లెయిన్ బై ది సిస్టమ్’ వచ్చింది 24 ఏళ్ల తర్వాత, 2003లో.

అందరూ కోర్టుకెక్కలేరు. అందుకే పరిశీలన ఉంటే ఉండనివ్వండి గానీ, కొట్టేసిన ప్రతి వాక్యానికీ రాతపూర్వకంగా కారణం చెప్పాలి, గడువు పెట్టాలి, ఆ శాఖకు సంబంధం లేనివాళ్ల దగ్గర అప్పీలు ఉండాలి. ప్రాణాలు కాపాడే రహస్యాన్నీ, పరువు కాపాడే రహస్యాన్నీ ఒకే గాటన కట్టడం ఆడవాళ్లకు బాగా తెలిసిన ఎత్తుగడ.