తవుడులో ఉన్న మందు

మన ఏజెన్సీ పల్లెల్లో మొన్నమొన్నటి దాకా సామలు, కొర్రలు రోట్లో దంచుకునేవాళ్లం. చోళ్లను పొట్టుతోనే తిరగలిలో విసిరి అంబలి కాచుకునేవాళ్లం. ఆ తిండిలో మందు ఉందని శాస్త్రం తెలుసుకోవడానికి చాలా కాలం పట్టింది.

19వ శతాబ్దంలో యంత్రాల మిల్లులు వచ్చాక ఆసియాలో తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం వాడకం పెరిగింది. దాని వెంట బెరిబెరి జబ్బూ పెరిగింది. కాళ్లు చచ్చుబడేవి, ఒళ్లు వాచేది, చివరికి గుండె ఆగేది. ఏదో క్రిమి వల్ల వస్తోందని డాక్టర్లు అనుకున్నారు. 1890 ప్రాంతంలో, డచ్చివారి పాలనలోని జావా దీవిలో, ఐక్‌మన్ అనే డాక్టరు తన దగ్గరి కోళ్లకు అలాంటి జబ్బే రావడం చూశాడు. వాటికి ఆసుపత్రిలో మిగిలిన తెల్లన్నం పెడుతున్నారు. కొత్తగా వచ్చిన వంటవాడు ఆ అన్నం ఇవ్వనన్నాడు. ముడిబియ్యం పెట్టేసరికి కోళ్లు కోలుకున్నాయి. మందు తవుడులోనే ఉంది. తర్వాత దానికి బి1 విటమిన్ అని పేరు వచ్చింది. 1929లో ఐక్‌మన్‌కు నోబెల్ బహుమతి దక్కింది.

మన దేశంలో ఇదే జబ్బు మీద పరిశోధనకు 1918లో మెక్‌కారిసన్ అనే డాక్టరు కూనూరులో పని మొదలుపెట్టాడు. ఆ చిన్న కేంద్రమే పెరిగి, 1958లో హైదరాబాదుకు మారి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆ సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల చోళ్లలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. పాలిష్ బియ్యంలో 10 కూడా లేదు.

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. అది ఎందరి ఆకలో తీర్చింది, కాదనలేం. కానీ తెల్లన్నం అలవాటయ్యాక మన కంచంలో చోడి, సామ తగ్గాయి. ఇప్పుడు సామలకు కూడా మిల్లులో పాలిష్ పడుతున్నారు. అంటే గింజ మిగిలినా మందు పోతోంది.

అంబలి మలేరియాను తగ్గించదు, సికిల్ సెల్‌ను మాన్పదు. జ్వరమొస్తే రక్తపరీక్ష చేయించుకోవాలి, మాత్రలు వేసుకోవాలి. జబ్బు రాకముందే ఒంటికి బలమివ్వడం తిండి పని.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఏ గింజను ఎంత దంచాలో, ఎప్పుడు ఆపాలో మన అవ్వలకు తెలుసు. వాళ్లనడిగి రాసుకోండి. టీచర్లు ఆ రాతలను తరగతిలో చదివించండి. విత్తనంతో పాటు దంపు తెలివినీ దాచుకుందాం.