టియర్‌డ్రాప్ ట్రెయిలర్ విద్యుత్ వ్యవస్థ

టియర్‌డ్రాప్ ట్రెయిలర్ అనగా కారు వెనుక తగిలించి తీసుకొనిపోవుటకు వీలుగా, కన్నీటిబొట్టు ఆకారంలో ప్లైవుడ్‌తో చేసిన చిన్న విడిది బండి. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1930వ దశకం నుండి వీటిని ఇంటివద్దనే నిర్మించుకొంటున్నారు. పత్రికలు వీటి నిర్మాణ పటాలను ప్రచురించాయి.

== వలయాలు ==
వెనుక దీపాలకు విద్యుత్తు కారు నుండే వస్తుంది. నాలుగు తీగల కనెక్టరులో తెలుపు ఛాసిస్‌కు, గోధుమరంగు వెనుక దీపాలకు, పసుపు ఎడమవైపు, ఆకుపచ్చ కుడివైపు మలుపు మరియు బ్రేకు దీపాలకు చెందుతాయి. లోపలి దీపాలు, ఫ్యాను, ఫ్రిజ్‌లకు ప్రత్యేకంగా 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది.

== తీగ మందం ==
గేజి సంఖ్య పెరిగే కొద్దీ తీగ సన్నబడుతుంది. బ్యాటరీకి 4 మీటర్ల దూరంలో 5 ఆంపియర్లు తీసుకొనే ఫ్రిజ్‌కు 18 గేజి రాగి తీగ వాడితే, రానుపోను 8 మీటర్లలో సుమారు 0.8 వోల్టు నష్టమవుతుంది. 12 గేజి తీగలో ఇది 0.2 వోల్టు మాత్రమే. ఇంటి విద్యుత్తులో లెక్కలోనికి రాని ఈ నష్టం 12 వోల్టుల వద్ద ఫ్రిజ్‌ను ఆపివేయగలదు.

== భద్రత ==
ఫ్యూజు ఉపకరణం కొరకు కాక తీగ కొరకు ఉద్దేశించినది. కనుక దానిని ధన ధ్రువానికి సాధ్యమైనంత దగ్గరగా అమర్చాలి. ధ్రువానికీ ఫ్యూజుకూ మధ్యనున్న తీగకు ఏ రక్షణా ఉండదు. షార్ట్ సర్క్యూట్ ఏర్పడితే బ్యాటరీ వందల ఆంపియర్లు ఇవ్వగలదు, మనుషులు నిద్రించేది ఆ ప్లైవుడ్ గోడల నడుమనే. తీగ లోహపు రంధ్రం గుండా పోయే చోట రబ్బరు గ్రామెట్ తప్పనిసరి. సీసపు-ఆమ్ల బ్యాటరీ ఛార్జింగులో హైడ్రోజన్ విడుదల చేస్తుంది, కావున దానిని పడకగదిలో కాక వెలుపలి పెట్టెలో ఉంచుతారు.

వాహనాల 12 వోల్టుల తీగలలో నలుపు సాధారణంగా రుణ ధ్రువం. అమెరికా గృహాల 120 వోల్టుల తీగలలో మాత్రం నలుపే ఫేజు. రెండూ ఉన్న బండిలో వాటిని వేర్వేరు పెట్టెలలో ఉంచి, పేర్లు వ్రాసి అతికిస్తారు.