చెట్టు కొట్టించాలా? ఖర్చు ఎలా లెక్కేస్తారో తెలుసుకోండి

హైదరాబాద్: వానాకాలం వచ్చిందంటే ఇంటి మీదికి వంగిన కొమ్మలు చూస్తే గుండె దడే. చెట్టు కొట్టేవాళ్లను పిలిస్తే ఒకరు ఒక రేటు, ఇంకొకరు దానికి రెట్టింపు చెప్తారు. ఎందుకిలా?

రేటు ముందుగా చెట్టు ఎత్తు, మాను లావును బట్టి ఉంటుంది. ఖాళీ జాగాలో అయితే చెట్టును ఒకేసారి పడగొట్టొచ్చు. అదే గోడల మధ్య ఉంటే పైనుంచి ముక్కలుగా కోసి తాళ్లతో దించాలి. మనుషులు, టైమ్ ఎక్కువ పడతాయి. క్రేన్ పెడితే దాని కిరాయి వేరు. కొమ్మలు ఎత్తుకెళ్లడం, మొద్దు తవ్వి తీయడం చాలాసార్లు ఆ రేటులో ఉండవు. కట్టె ఎవరికన్నదీ ముందే మాట్లాడుకోండి.

కరెంటు తీగలు దగ్గరుంటే విద్యుత్ సిబ్బందికి చెప్పి సరఫరా ఆపించాలి. చెట్టు మొత్తం నరకాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద సాధారణంగా అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. లేకుంటే జరిమానా పడొచ్చు.

ఇద్దరు ముగ్గురికి చెట్టు చూపించాకే రేటు ఖాయం చేసుకోండి. పని కాకముందే డబ్బంతా ఇవ్వొద్దు. బెల్టు, హెల్మెట్ లేకుండా ఎక్కేవాళ్లు తక్కువకే వస్తారు. కానీ కాలు జారితే ఒక కుటుంబం రోడ్డున పడుతుంది.